ఎదురింటి ప్రిన్స్

"ఇంకొక్కసారి ఈ మెట్ల మీద ఉచ్చ కనబడితే కుక్కనన్న పంపియ్యాలె, మీరన్న ఖాళీ చెయ్యాలె. గంతే, మహేశ్వరమ్మా." ఇంటి ఓనర్ రామచంద్రయ్య లుంగీ అంచు తడవకుండా పైకెత్తి పట్టుకుని, రెండో అంతస్తు మెట్ల మీద నిలబడి అన్నాడు. "అశోక్‌నగర్ల రూముల కోసం పరీక్షల పిల్లలు గల్లీ గల్లీ తిరుగుతున్నరు. నాకు కిరాయిదార్లు దొరకక కాదు."

మహేశ్వరి చేతిలో ఫినాయిల్ గుడ్డ ఉంది. ఆమె కాళ్ల వెనక నక్కి కుక్కపిల్ల లడ్డు తోక ఊపుతోంది, ఆ మాటలు తనను కానట్టు.

"చిన్నపిల్ల సార్ అది. నేర్పిస్తున్న."

"నేర్పితే గట్లుంటది." ఆయన గడ్డంతో ఎదురు వాకిలి చూపించాడు.

ఎదురింటి నాగశ్రీ తన కుక్క ప్రిన్స్‌ను షికారు తిప్పి తీసుకొస్తోంది. ప్రిన్స్ గడప ముందు ఆగింది. ఎవరూ చెప్పకుండానే డోర్‌మ్యాట్ మీద కాళ్లు రుద్దుకుని లోపలికి వెళ్లింది.

"నా మనుమడు గూడ గిట్ల తుడ్వడు," అంటూ రామచంద్రయ్య కిందికి దిగిపోయాడు.

మహేశ్వరి గుడ్డతో మెట్టును గట్టిగా రుద్దింది. అదే సమయానికి నాగశ్రీ మెల్లగా దగ్గరికొచ్చింది.

"ఏమీ అనుకోకండి మహేశ్వరిగారూ. అది తడిపిన న్యూస్‌పేపరు పారెయ్యకండి. ఆ ముక్క తీసుకెళ్లి, అది ఎక్కడికెళ్లాలని మీరనుకుంటారో అక్కడ పెట్టండి. తన వాసన పట్టుకుని అదే వెళ్తుంది. మా ప్రిన్స్‌కి అలాగే అలవాటు చేశాం."

"మంచిదక్కా," అని నవ్వింది మహేశ్వరి. ఆ 'మా ప్రిన్స్' అన్న మాట మాత్రం ముల్లులా దిగింది.

లోపల కూతురు శ్రీలక్ష్మి పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయినప్పటి నుంచి ఆ పిల్ల నవ్వేది ఈ కుక్కపిల్లతోనే. దీన్ని పంపిస్తే మళ్లీ అన్నం ముట్టదు. ముట్టకపోతే నీరసం, నీరసమొస్తే జ్వరం, జ్వరమొస్తే ఆస్పత్రి. మహేశ్వరి ఆలోచన ఏదైనా ఆస్పత్రి దాకా వెళ్లిగానీ ఆగదు.

"ఓనర్ అంకుల్ ఏమన్నడమ్మా?"

"మెట్లు కడుగుమన్నడు."

"నాకంత ఇనబడ్డది. ఆంటీ చెప్పింది గూడ." శ్రీలక్ష్మి లడ్డును ఒళ్లోకి తీసుకుంది. "పాపం, నాగశ్రీ ఆంటీ దగ్గర పెరిగితే ఇది గూడ మంచిగుండేది."

ఆ మాటకు మహేశ్వరికి చేతిలోని గుడ్డ ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఇల్లంతా తుడిచేది తను, పాలు పట్టేది తను, మంచిగా పెంచేది మాత్రం ఎదురింటావిడ. అదీ కన్నకూతురి నోటి వెంట. ఆ ప్రిన్స్ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఓనర్ కళ్ల ముందు తన గడపలోనే పోస్తే ఎలా ఉంటుంది?

మధ్యాహ్నం శ్రీలక్ష్మి చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లింది. నాగశ్రీ ప్రిన్స్‌కు సూది వేయించడానికి నారాయణగూడ బయల్దేరింది. లడ్డు పొద్దున తడిపిన పేపరు చెత్తబుట్టలోనే ఉంది. మహేశ్వరి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, కిందా పైనా చూసి, ఎదురింటి డోర్‌మ్యాట్ కింద పరిచింది. కాగితం కనబడకుండా, వాసన మాత్రం తగిలేలా.

తలుపు వేసుకున్నాక భయం పట్టుకుంది. నాగశ్రీ జారిపడితే? నడుం విరిగితే? పోలీసులు ఆ కాగితం మీద వేలిముద్రలు తీస్తే? దేవుడి పటం ముందు నిలబడింది. "కుక్క ఒక్కటే పోయాలె సామీ. మనుషులకు ఏం గావద్దు."

సాయంత్రం తలుపు సందులోంచి చూసింది. షికారుకు బయల్దేరిన ప్రిన్స్ డోర్‌మ్యాట్ దగ్గర ఆగి మూతి పెట్టింది. ప్రిన్స్ ఒక తుమ్ము తుమ్మి, డోర్‌మ్యాట్‌ను ఒక్క గెంతున దాటి, మెట్లన్నీ బుద్ధిగా దిగి వీధిలోకి వెళ్లిపోయింది.

"దీని ఓపిక పాడుగాను," అనుకుందామె.

తెల్లవారి శ్రీలక్ష్మి పాలప్యాకెట్టు తెచ్చి, తలుపు వారగా వదిలేసి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి మెట్ల మీద రామచంద్రయ్య కేక వినిపించింది.

"ఎవలది ఇది?"

మహేశ్వరి దిగ్గున లేచింది. ముందు తన ఇల్లంతా వెతికింది. మంచం కింద, ఫ్రిజ్ మూల, దివాన్ వెనక. ఎక్కడా చుక్క తడి లేదు. అంటే ప్రిన్సే. కొంగు సర్దుకుని తీరిగ్గా బయటికి వచ్చింది.

ఎదురింటి డోర్‌మ్యాట్ తడిసి ముద్దయింది. నాగశ్రీ ముఖం చిన్నబోయి ఉంది.

"మా ప్రిన్స్ ఎప్పుడూ ఇలా చెయ్యలేదండీ."

"మరి నేను జేసిన్నా?" అన్నాడు రామచంద్రయ్య.

మహేశ్వరి కడుపు చల్లబడింది. "పోనియ్యండి సార్. అక్కకేదో పరేషాన్ ఉన్నట్టుంది, చూస్కోలేదు. కుక్కంటే కన్నబిడ్డ లెక్క చూస్కోవాలె గద. మా ఇంట్లకు రాండ్రి, ఒక్క సుక్క తడి సూపియ్యండ్రి."

ఆమె మాట పూర్తికాకముందే చీర కుచ్చిళ్ల పక్కనుంచి లడ్డు బయటికొచ్చింది. ఎవరి వంకా చూడకుండా తిన్నగా ఎదురింటి గడప దగ్గరికి నడిచింది. డోర్‌మ్యాట్ వాసన చూసి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, మధ్యలో కూర్చుని, మిగిలిన పని కానిచ్చింది.

రామచంద్రయ్య ముందు లడ్డు వంక, తర్వాత మహేశ్వరి వంక చూశాడు. మహేశ్వరి వెనక నుంచి శ్రీలక్ష్మి ఒక్కతే సంతోషంగా అంది:

"అమ్మా, మనోడు నేర్చుకున్నడే. ఆంటీ చెప్పిన పేపర్ ఎక్కడ పెట్టినవ్?"