అన్ని షరతులకీ సరిపోయిన మనిషి

తమ కంపెనీలో గడువు దాటిన పాలపొడి డబ్బాల అడుగున ఉన్న తేదీని థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచేసి, కొత్త తేదీ కొట్టి, మళ్లీ దుకాణాలకి పంపేస్తున్నారని తెలిసిన రోజు నుంచి ప్యాకింగ్ సూపర్‌వైజరమ్మకి నిద్ర లేదు. మామూలుగానే ఆమెకి నిద్ర తక్కువ. కూతురు ఒకసారి ఫోనెత్తకపోతే ఊళ్లో ఆసుపత్రులన్నీ మనసులోనే తిరిగొచ్చే రకం.

చంటి మనవరాలి కోసం కంపెనీలో చవగ్గా కొన్న డబ్బాలు రెండూ సింకులో ఒంపేసింది. మరి మిగతా ఇళ్లలో పసివాళ్ల సంగతో? నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం.

ఆ దిగులుకి మందన్నట్టు క్యాంటీన్ గోడ మీద పోస్టరు వెలిసింది. కంపెనీల మోసాలు బయటపెట్టినవారికి ప్రభుత్వ బహుమతి, పేరు రహస్యం, ఫలానా నంబరుకి ఫోన్ చేయండి. కంపెనీకి నిజాయితీ అంటే ఎంత మమకారమో, అందరూ చేతులు కడుక్కునే చోటే అంటించింది.

తేదీలు తుడిచి మార్చడాన్ని చాటుగా తన ఫోన్లో వీడియో తీసి, ఆమె ఆ నంబరుకి ఫోన్ చేసింది. ఎవరికీ చెప్పకుండా రావడం మొదటి షరతన్నారు.

"ముస్తాబై ఎక్కడికమ్మా?" అంది కూతురు.

"కళ్ల డాక్టరు దగ్గరికి."

"నేనూ రానా?"

"నువ్వొస్తే నా కళ్లు బాగుపడతాయా? చంటిదాన్ని చూసుకో."

ఆఫీసు ఒక పాత మేడ పైఅంతస్తులో ఉంది. గుమ్మం మీద ప్రభుత్వం వారి బోర్డు, లోపల మూలుగుతూ తిరిగే ఫ్యాను, మీగడ కట్టిన టీ గ్లాసు. అధికారి కూడా తలెత్తి కూర్చోమనడానికి తగినంత ఆలస్యం చేశాడు. నమ్మకం కుదరడానికి ఇంకేం కావాలి?

"ఈ మోసంలో మీ చెయ్యేమైనా ఉందా అమ్మా? ఉంటే అర్హత ఉండదు."

"చూసి భయపడటమే బాబూ నేను చేసింది."

"మీకన్నా ముందు ఎవరూ చెప్పి ఉండకూడదు. పోలీసులకిగానీ పేపరువాళ్లకిగానీ మీరేమైనా..."

"పోలీసుల్ని చూస్తేనే నాకు ఆయాసం వస్తుంది."

"ఇంట్లో?"

"మా అమ్మాయికి చెబితే సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. చెప్పలేదు."

"వీడియో కాపీలు చెల్లవు. అసలుదే ఇవ్వాలి. ఇంకెక్కడైనా ఉందంటే అర్హత పోయినట్టే."

"నా ఫోన్లో తప్ప ఎక్కడా లేదు. పంపడం నాకు చేతకాదు కూడా."

మోసం చేసేవాళ్లకి ఒక్క షరతూ లేదు, చెప్పేవాళ్లకి మాత్రం బోలెడు. అయినా ఆమెకి ముచ్చటేసింది. ఇంత పద్ధతిగా అడిగేవాళ్లు పసిపిల్లల్ని గాలికి వదిలేస్తారా? ఫోను, సంచిలో తెచ్చిన తేదీ మార్చిన డబ్బాలు బల్ల మీద పెట్టింది. అధికారి వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఇంత చక్కగా అన్ని షరతులకీ సరిపోయినవాళ్లు అరుదమ్మా. కూర్చోండి, మా పెద్దాయన స్వయంగా వచ్చి మాట్లాడతారు."

బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకి ఏ భయమూ వేయలేదు. కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా కళ్లు మూసుకుంది.

తలుపు తెరుచుకుంది.

"మనం పెట్టిన ప్రభుత్వం బోర్డు ఖర్చు ఎప్పుడో వసూలైపోయిందయ్యా, ఈవిడతో ఆఖరా, ఇంకా ఎవరైనా మిగిలారా?" అంటూ లోపలికొచ్చాడు పాలపొడి కంపెనీ యజమాని.