నడీన్ వ్యాను

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు ఆస్గుడ్, డ్రైవింగు పరీక్ష కాగితాలు చంకలో పెట్టుకుని.

"మీరు పాస్ చేసేదాకా వస్తూనే ఉంటాను సార్. రిటైరైతే మీ ఇంటికే వస్తా," అంది నడీన్.

లైసెన్సు ఆఫీసు వెనక ఆమె వ్యాను నిలబడి ఉంది. ఒకప్పుడు రొట్టెలు మోసిన బండి అది. కొన్నాక లోపలంతా ఊడదీయించి మంచం, పొయ్యి, చిన్న సింకు పెట్టించుకుంది. డ్రైవరు సీటు తీయించేసింది. చక్రాల కుర్చీతోనే వాలుబల్ల మీదుగా ఎక్కి స్టీరింగు ముందుకు వెళితే, కుర్చీ ఠక్కున నేలకు బిగుసుకుంటుంది. పక్కనే ఒక ఇనుప పిడి. లాగితే వేగం, తోస్తే బ్రేకు.

తోడు వచ్చిన అక్కను బెంచీ మీద కూర్చోబెట్టి నడీన్ బండెక్కింది. ఆస్గుడ్ మెల్లగా ఆమె పక్కన కూర్చున్నాడు.

"మొదటిసారి గీత దాటి జానెడు ముందు ఆగావు. రెండోసారి మలుపులో అద్దం చూడలేదు. ఇవాళ ఏం చేస్తావో."

"ఇవాళ మిమ్మల్ని తిప్పి తీసుకొస్తాను. బెల్టు పెట్టుకోండి."

బండి ఊరు దాటి మొక్కజొన్న చేల మధ్య రోడ్డు మీద పడింది.

"లైసెన్సొస్తే ఎక్కడికి పోతావు?"

"సుపీరియర్ సరస్సుకి. అక్కణ్ణించి రోడ్డు ఎటు పోతే అటు."

"ఒక్కదానివేనా?"

"మంచం ఒక్కటే ఉంది, చూశారుగా."

"దారిలో బండి చెడితే?"

"కాళ్ళున్నవాళ్ళు మాత్రం ఏం చేస్తారు సార్? ఫోన్ చేసి కూర్చుంటారు. నేనెలాగూ కూర్చునే ఉంటాను."

ఆస్గుడ్ నవ్వలేదు. కాగితం మీద ఏదో గీసుకున్నాడు.

అంతలో చేను గట్టు మీంచి ట్రాక్టరొకటి ముందూ వెనకా చూడకుండా రోడ్డెక్కింది. నడీన్ పిడిని బలంగా తోసింది. బండి ఊగి, ట్రాక్టరుకు బారెడు దూరంలో ఆగింది. ట్రాక్టరువాడు టోపీ ఎత్తి క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు.

ఈ ముసలాయన దీన్ని కూడా తన ఖాతాలోనే వేస్తాడని నడీన్‌కు అనిపించింది. అయినా పళ్ళు బిగించి అద్దాలు చూసుకుని, బండి కదిలించింది. తిరిగొచ్చాక ఆఫీసు ముందు రెండు కార్ల మధ్య సందులోకి ఒక్క ప్రయత్నంలో వెనక్కి నడిపి ఆపింది.

ఆస్గుడ్ చాలాసేపు రాశాడు. చివర సంతకం పెట్టి ఆ కాగితాన్ని విడిగా చింపి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"పాసయ్యావు."

నడీన్ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. తర్వాత తలెత్తి చూసింది. ఆయన బండి దిగలేదు. ఆ పిడివైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకేమైనా తప్పుందా సార్?" గొంతు గట్టిగానే ఉంచి అడిగింది.

"లేదు. దీన్ని అమర్చిన మెకానిక్ పేరు రాసివ్వు."

"ఎవరికి కావాలి?"

ఆస్గుడ్ కలం ఆమె చేతికిచ్చాడు.

"నాకే. వచ్చే నెల పన్నెండో తారీకున నా కుడికాలు తీసేస్తున్నారు."