తల్లి పేరున బీమా

"కారు ధరకన్నా బీమాయే ఎక్కువుంది!" నేను అమ్మకానికి పెట్టిన ఎర్ర స్పోర్ట్స్ కారులో కూర్చుని ఫోన్ చూస్తున్న ఫెర్గస్ నీరుగారిపోయాడు. వాడికి పందొమ్మిదేళ్లు. లైసెన్సు కొత్తది.

"అయితే కుదరదులే నాన్నా," అంది తల్లి మొయిరా, హాయిగా.

"నీ పేరున తీసుకుందాం అమ్మా, చవకవుతుంది. నడిపేది నువ్వేనని చెబుదాం. గ్లాస్గోలో నా స్నేహితులంతా చేసేదదే!"

ఆమె ముఖం పాలిపోయింది. బేరంలో నేను చూసేది డబ్బు కట్టేవాళ్ల ముఖమే. "ధర తగ్గిస్తాలేమ్మా," అన్నాను.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. "తగ్గించకు బాబూ. వద్దనడం నాకు చేతకాలేదు. బీమా ఖర్చు చూసి వాడే వద్దంటాడని ధైర్యంగా వచ్చా."

నేను కారు తాళాలు జేబులో వేసుకున్నాను.

మొయిరా వెళ్లి కారు తలుపు తెరిచింది.

"దిగరా ఫెర్గస్. డబ్బు గురించి కాదు. నాకు భయంగా ఉంది."