బోర్డు మీది గొంతు

ఉజోమాను ఆరేళ్లుగా ఒక సందేహం తొలుస్తోంది. ఓగా అని పిలిచే ఒకే యజమాని దగ్గర, ఒకే బల్ల ముందు తనూ దుబెమూ పని నేర్చుకున్నారు. మరి ఇకెజా కంప్యూటర్ బజారులో జనమంతా ఎదుటి దుబెమ్ కొట్టుకే ఎందుకు పోతారు? ప్రతి ఆదివారం దేవుణ్ణి అడుగుతాడు. జవాబు రాలేదు.

"మీ కంప్యూటరుకూ అదే జబ్బా, టీచరమ్మా?" అడిగాడు ఉజోమా.

అదాకు అనే ఆ టీచరు దాన్ని అతని బల్ల మీద పెట్టింది. "అదే. పాట రాదు, మాట రాదు. మొన్ననే దుబెమ్ దగ్గర కొన్నాను."

ఉజోమాకు కడుపు చల్లబడింది. "నేను చెప్తూనే ఉన్నా. అన్నీ ఒకే బోర్డుకు అతికిస్తే ఇంతే. విడి సౌండ్ కార్డయితే చెడింది ఒక్కటే పీకి పారేస్తాం."

"దేవుడు కన్నూ చెవీ ఒకే తలకు అతికించి పంపాడుగా? విడిగా సంచిలో వేసి ఇచ్చాడా?"

"దేవుడు చేసిన తలా, దుబెమ్ అమ్మిన బోర్డూ ఒకటేనా?"

జనరేటర్ల రొదలోనూ ఎదుటి కొట్టు బేరాలు వినిపిస్తున్నాయి. ఉజోమా కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. దుబెమ్ బోర్డుల గొంతు పోవడం, కొన్నవాళ్లు వచ్చి తన దగ్గర సౌండ్ కార్డు కొనడం, ఇన్నాళ్లూ తన కొట్టు నిలిచింది ఆ బేరాల మీదే. పోయిన గొంతును అతనేనాడూ పరీక్షించలేదు. అతికించింది చెడక మానుతుందా! వచ్చే నెల టీచరమ్మ బడికి ఇరవై కంప్యూటర్లు కావాలి. అదీ దుబెమ్‌కే పోతే ఇక కొట్టు మూసేయడమే.

"ఈసారి లోపల చూసి మరీ కార్డు పెట్టండి," అందామె.

ఉజోమా విసుగ్గా మీటలు నొక్కి బోర్డు సెట్టింగులు తెరిచాడు. సౌండ్ ఆపేసి ఉంది. ఆన్ చేయగానే బోర్డు ఖంగుమని పలికింది.

అతని మొహం కందగడ్డయింది. "బాగున్నదాన్ని ఆపి జనాన్ని నా మీదికి తోలుతున్నాడా! అక్కర్లేని కార్డులమ్మే దొంగనని నాకు పేరు రావాలనేగా? నడవండి, బజారు పెద్దల ముందే కడిగేస్తాను."

"కూర్చోండి. నా ముందే ఆపాడు. మీ దగ్గర కార్డు కొనుక్కోమని దాని ఖరీదు తన ధరలో తగ్గించాడు. పంపిన వాళ్లందరికీ అంతే. ఇన్నాళ్లూ మీకు చెప్పొద్దని వాళ్ల దగ్గర మాట తీసుకునేవాడట."

"వాడికి నా మీద అంత ప్రేమ ఎందుకో?"

"మీ ఓగా దగ్గర బోర్డు కాలినప్పుడు మీచేత ఒక ఏడాది ఎక్కువ చాకిరీ చేయించారట కదా?"

ఉజోమా తల దించుకున్నాడు. ఆ అజాగ్రత్తను చర్చిలో ఫాదరు దగ్గర పాపంగా కూడా చెప్పుకున్నాడు.

"ఈ కార్డుతో ఆ ఏడాది బాకీ తీరిందని మీకు చెప్పమన్నాడు."

"వాడికేం బాకీ? కాల్చింది నేను కదా?"

"కాల్చింది దుబెమేనట."