బుధవారం పేషెంటు

"తియ్ సూది! నేర్చుకునేటందుకు నా చెయ్యే దొరికిందా నీకు?"

రక్తపరీక్షకు వచ్చిన ఆమె విసురుగా చేయి లాక్కుంది. బల్ల మీది దూది కింద పడింది.

కృప వంగి దూది తీసి లేచేసరికి, ఆ వచ్చినామె అప్పటికే పక్క బల్ల దగ్గర, టెక్నీషియన్ రత్నాకర్ సార్ ముందు కూర్చుని ఉంది.

చేవెళ్ళలోని ఆ దవాఖాన ల్యాబులో కృప అప్రెంటిస్‌గా చేరి అప్పటికి మూడు వారాలు. ఆమె చదివే డిగ్రీయే అలాంటిది. వారంలో నాలుగు రోజులు ఇక్కడ పని, రెండు రోజులు మొయినాబాద్ కాలేజీలో క్లాసులు. యాభై సార్లు తప్పు లేకుండా రక్తం తీసినట్టు ఆమె పుస్తకంలో సార్ సంతకాలు పడాలి.

పడినవి రెండే.

కృప వరండాలోకి వెళ్ళి, ఎంకపల్లిలో ఇంట్లో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

"నాతోని అయితలేదమ్మా. పొద్దుగాల లేసి నీకు వండి పెట్టి, బస్సుల నిలవడి వచ్చి, ఈడ మాటలు పడి... చదువుడెప్పుడు? మానేస్త."

అవతల నుంచి తల్లి ఏదో అంటోంది. కృప వినకుండానే పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది.

ఇందాక వరండా బెంచీ మీద కనిపించిన పెద్దాయన తన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చొక్కా చేయి మోచేతి పైదాకా మడిచి ఉంది.

"సార్ దగ్గరికి పోండ్రి తాతా. నేను ఇంకా నేర్చుకుంటున్న."

"తెలుసు బిడ్డా. నువ్వే గుచ్చు."

"పేరు?"

"చిన్నయ్య. ముడిమ్యాల. కండ్లు తిరుగుతున్నయ్."

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"సప్పుడు లేకుంట గుచ్చకు బిడ్డా. ఏదన్న మాట్లాడుకుంట గుచ్చు."

"ఏం మాట్లాడాలె?"

"ఏం సదువుతున్నవో గదే చెప్పు."

కృప ముందురోజు పాఠం చెప్పింది. రక్తం ఎందుకు గడ్డకడుతుంది, ఏ రంగు మూత గొట్టంలో ఏం వేసి ఉంటారు... చెబుతూ చెబుతూ గుచ్చింది. గొట్టం నిండింది. అప్పుడు గమనించింది, ఒక్కసారికే నరం దొరికిందని.

తర్వాతి బుధవారం ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి కాళ్ళు గుంజుతున్నాయట. ఆపై వారం కడుపులో మంటట. ప్రతిసారీ కృప కుర్చీ ముందే.

"నీ పేషెంటు వచ్చిండు కృపా," అని రత్నాకర్ సార్ నవ్వేవాడు.

"రోగమేందో తెలువకపాయె," అని కృప కూడా నవ్వేది. ఆమె పని రక్తం తీయడం వరకే. రిపోర్టులు ఇచ్చేది వేరే గదిలో.

సూది దిగే లోపు ఒక పాఠం. "మల్లొక్కసారి చెప్పు, నాకు సమజ్ కాలే," అనేవాడాయన. మళ్ళీ చెప్పేది. బస్సులో పుస్తకం తెరిచే వీలు లేకపోయినా, ఆ సెమిస్టర్‌లో సగం పాఠాలు కృపకు అలాగే నోటికి వచ్చాయి. చూస్తూ చూస్తూ పుస్తకంలో సంతకాలు నలభై దాటాయి. వేరే వాళ్ళు కూడా ఆమె ముందు చేయి చాపుతున్నారు.

పరీక్షల ముందు బుధవారం. తల్లికి జ్వరం. రెండు రోజులుగా నిద్ర లేదు. వరుస వరండా దాటి మెట్ల దాకా ఉంది.

చిన్నయ్య వచ్చి చొక్కా మడిచాడు. మొదటిసారి నరం తప్పింది. రెండోసారీ తప్పింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇంకోసారి గుచ్చు. పాఠం చెప్పు."

"నీకేం పని లేదా తాతా? వారం వారం నా పానం తీస్తున్నవ్. పో, సార్ దగ్గరికి పో!"

వరుసలో ఉన్నవాళ్ళంతా చూశారు.

ఆయన మెల్లగా చొక్కా చేయి దించుకున్నాడు.

"మంచిది బిడ్డా. పరీక్ష మంచిగ రాయి."

సార్ దగ్గరికి వెళ్ళలేదు. బయటికి వెళ్ళిపోయాడు.

కృప పరీక్ష రాసింది. పాసయింది. చిన్నయ్య మాత్రం మళ్ళీ రాలేదు.

బుధవారం వస్తే వరండాలో ప్రతి చెప్పుల చప్పుడుకూ తల ఎత్తేది. ఎవరి మోచేయి ఒత్తి చూసినా వేలి కింద ఆయన నరమే తగిలినట్టు ఉండేది, లావుగా, పక్కకు జారుతూ. ఒక్కోసారి గుచ్చుతూ, ఎవరూ అడగకుండానే పాఠం చెప్పడం మొదలుపెట్టేది. ఎదుటి మనిషి వింతగా చూస్తే ఆగిపోయేది.

రెండు నెలలయ్యాక ఒక నడివయసు మనిషి ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చింది.

"కృప అంటే నువ్వేనా బిడ్డా? నా పేరు గోపమ్మ. ముడిమ్యాల చిన్నయ్య మా బావ. మోటరు కాడ కరెంటు కొట్టి పానం పోయింది. నెల దాటింది."

కృప చేతిలోని గొట్టం బల్ల మీద పెట్టేసింది.

"వారం వారం ఈడికే వస్తుండె. ఏం రోగమంటే చెప్పకపోతుండె. కృప దగ్గరికి పోతున్న అనెటోడు. గీ కాగితాలు జర సూసి చెప్పు. లోపల ఏం దాసుకొని పోయిండో."

కృప ఒక్కొక్క రిపోర్టు తీసింది. షుగర్ బాగుంది. రక్తం బాగుంది. పద్దెనిమిది కాగితాలు. చివరిదాకా చూసి మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"ఏ రోగమూ లేదవ్వా."

"మంచిగ సూడు బిడ్డా."

"ఒక్కటి సుత లేదు. ఊకెనే నెత్తురు ఇచ్చిపోయిండు. నాకు చెయ్యి తిరగాలని."

గోపమ్మ ఆ కాగితాలు ఒక్కొక్కటే మడిచి కవరులో పెట్టుకుంది. తర్వాత ఎవరికో కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు అన్నది.

"మా అక్క కాన్పుల నెత్తురు కారి సచ్చిపోతుంటే, ఒక్క సీసా ఇయ్యమన్నందుకు సూదికి భయపడి దవాఖాన గోడ దుంకి ఉరికిన మనిషి, ఈయన."