లోపలి గోడ

"చెప్పులైతే గుమ్మం బయట విడిచేసి రావచ్చు. మరి దీన్నెక్కడ పెడతావు?" అంది మాలిన్ భర్తతో.

రోడెల్ బేస్ గిటార్‌ని పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉన్నాడు. దాన్ని గది అనడం మర్యాదకే. మండలూయొంగ్ నగరంలో సామాన్యుడికి అద్దెకి దొరికే ఇళ్ళన్నిట్లాగే, ఆ రెండో గదిలో చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. అందులో ఇన్నాళ్ళూ మూడు గిటార్లూ, ఈ బేసూ కాపురం ఉన్నాయి. ఆదివారం నుంచి మాలిన్ వాళ్ళమ్మ పురింగ్ ఉండబోతోంది. సొంతూరు లూసేనాలో ఒంటరిగా ఉంటూ మొన్న జారిపడి మోకాలికి దెబ్బ తగిలించుకుంది.

గిటార్లు ఎలాగో సర్దుకున్నాయి. రెండు తమ పెట్టెల్లో పడుకుని కొత్త మంచం కిందికి దూరాయి. మూడోది బీరువా పక్క సందులో ఒదిగింది. బేస్‌కే చోటు లేదు. దాని మెడ పొడుగు, మంచం కింద పట్టదు. బీరువా మీద పెడితే పైకప్పు వేడి తగులుతుంది. వానాకాలం బయటి గోడ చెమ్మెక్కుతుంది, చెక్క ఉబ్బిపోతుంది. ఇన్నాళ్ళూ లోపలి గోడకి వేలాడింది. ఇప్పుడు ఆ గోడవారనే మంచం పడింది.

"మంచం పైనే తగిలించు, ఏం పోయింది?"

"మీ అమ్మ ఊరుకుంటుందా? నెత్తిన పడుతుందని రోజూ దండకం చదవదూ!"

"అడిగి చూడు."

"ఎవరు, నేనా? ఆవిణ్ణా?"

పెళ్ళయిన కొత్తలో పురింగ్ చుట్టాలందరి ముందూ "తీగలు మీటితే అన్నం ఉడుకుతుందా?" అని ఊరుకుంది. ఆవిడ ఊరుకుంది కానీ రోడెల్ మరిచిపోలేదు. అప్పట్నుంచి అత్తా అల్లుళ్ళ మధ్య భోంచేశారా, భోంచేశాం తప్ప ఇంకో మాట లేదు. ఆవిణ్ణి అడిగి కాదనిపించుకోవడం కంటే అమ్మేసుకోవడమే నయమనుకున్నాడు. బేస్ రోడెల్ వాళ్ళ నాన్నది. ఓడల్లో బ్యాండు వాయించి బతికిన మనిషి ఆయన, కొడుక్కి మిగిల్చింది అదొక్కటే. దాని ఫొటో ఫోన్లో అమ్మకానికి పెడుతుంటే రోడెల్‌కి ఏడుపొచ్చింది.

మర్నాడు ఒకే ఒక్క బేరం తగిలింది. పేరేదో అంకెలు, అక్షరాలు. ఫొటో ఉండాల్సిన చోట పందెంకోడి.

"బేస్ ఉందా?" అని రాసింది కోడి.

"ఉందన్నా. ముందు నువ్వు చెప్పు, ఎక్కడ పెడతావు?"

"మంచం కింద."

"పెట్టెలోనా, ఊరికేనా?"

"ఊరికే."

"అయితే అమ్మను."

"అమ్మో! పోనీ ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు. గది చిన్నది. అందులో నేనూ పడుకోవాలి, అదీ ఉండాలి."

ఆ ఒక్క మాటకి రోడెల్ మెత్తబడ్డాడు. "ఎండా వానా తగలని గోడ చూడు. కొక్కెం మరలు లోపలి కాంక్రీటులోకి దిగాలి, పైపూతలోకి కాదు. ఫ్యాను గాలి సూటిగా కొట్టకూడదు. కొన్నాళ్ళు వాయించకపోతే తీగలు కాస్త వదులు చెయ్యి. పూర్తిగా విప్పేశావో, మెడ వంగుతుంది."

"మంచం మీదికొస్తుంది మరి. నా మీద పడదు కదా?"

"కాళ్ళవైపు తగిలించు, తలవైపు వద్దు. కొక్కెం నేనే ఇస్తాలే."

"నాకు వాయించడం రాదు. పర్లేదా?"

"రాకపోతే ఎందుకన్నా కొనడం?"

"ఇంట్లో ఉంటే బాగుంటుందని. ఇంత ప్రాణం పెట్టుకున్నవాడివి, నువ్వెందుకు అమ్మేస్తున్నావు?"

"మా అత్తగారొచ్చి పడుతోంది."

"ఓహో. గయ్యాళా?"

"గయ్యాళైతే తిట్టి ఊరుకునేది. ఈవిడ తిట్టదు, చూస్తుంది. ఆ చూపుకి తీగలు వాటంతటవే తెగిపోతాయి."

కోడి ఏదో రాయబోయి చెరిపేస్తున్నట్టు తెర మీద చుక్కలు వచ్చి పోతున్నాయి. బేరం చెడిందేమోనని రోడెల్‌కి భయం వేసింది. చెడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఒక్కసారి అడిగి చూడాల్సింది," అని రాసింది చివరికి.

"ఆవిడ సంగతి నీకేం తెలుసన్నా!"

"అత్తగార్ల సంగతి తెలుసు. మా అత్తగారూ అలాగే చూసేది."

రోడెల్ పకపకా నవ్వాడు. కోడి పైసా తగ్గించమనకుండా డబ్బు పంపేసింది. శుక్రవారం సాయంత్రం రైలు స్టేషన్ మెట్ల దగ్గర, కోడి పంపిన మనిషి చేతికి బేస్ అప్పగించాడు. పెట్టెలో చెమ్మ పీల్చే పొట్లాలు వేసి, కొక్కెం గుడ్డలో చుట్టి పెట్టాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు. మాలిన్ అతని కంచం మీద మూత పెట్టింది.

ఆదివారం మాలిన్ అమ్మని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్ళింది. రోడెల్ మంచం మీద కొత్త దుప్పటి పరిచాడు. మోకాలి నొప్పికని దిండు ఒకటి ఎక్కువే వేశాడు. తన వల్ల మాట రాకూడదు కదా. లోపలి గోడ వైపు మాత్రం చూడబుద్ధి కాలేదు. ఆ బోసి గోడ చూసి ఆవిడ పెదవి విరిస్తే ఈసారి తనూ ఊరుకోకూడదనుకున్నాడు.

మంచం అంచున కూర్చుని ఫోన్ తీశాడు. "అన్నా, మా నాన్న బేస్ ఎలా ఉంది? గోడకి తగిలించావా?"

కోడి చదివింది. 

బయట బెల్లు మోగింది. రోడెల్ లేవలేదు. మాలిన్ దగ్గర తాళంచెవి ఉంది కదా, ఆవిడ ముఖం ఎంత ఆలస్యంగా చూస్తే అంత మేలు. బెల్లు మళ్ళీ మోగింది, ఆ వెంటనే చేతిలో ఫోనూ మోగింది. కోడి జవాబిచ్చింది.

"తలుపు తియ్యి, అల్లుడూ."