ఏమీ కాని రోజులు

"అమ్మా, నువ్వు బాగా సంతోషపడిన రోజొకటి చెప్పు," అంటూ మా అమ్మాయి ఫోనులో రికార్డింగ్ నొక్కి నా ముందు పెట్టింది.

పోయేముందు అడిగే మాటలా తోచింది నాకు. "ఎందుకే, డాక్టరేమన్నా అన్నాడా?"

"నా పరిశోధన కోసమమ్మా. మనుషుల సంతోషం గురించి పాత కథలూ పాటలూ ఏం చెబుతున్నాయో రాస్తున్నానుగా. ఇంట్లోవాళ్ళనీ అడగాలట."

ఈ సంతోషం పనిలో పడ్డాక పిల్లకి నిద్ర లేదు, మొహంలో నవ్వు లేదు. నా దిగులంతా అదే.

"నీకు చిన్నప్పుడు జ్వరం దిగిన రోజు," అన్నాను.

"ఇంకోటి."

"మీ అత్త మెడ మీద గడ్డ, ఉత్త కొవ్వు గడ్డేనని తేలిన రోజు."

"ఇంకోటి."

"మీ నాన్న ఫోనెత్తడం లేదని పోలీసుల దగ్గరికి వెళ్దామని చెప్పులేసుకుంటుంటే, కూరల సంచీతో ఎదురొచ్చాడే, ఆ రోజు."

"అమ్మా, ఇవన్నీ ఏమీ కాని రోజులు. పాడుకుంటేనో, నలుగురితో కలిసి కథలు చదువుకుంటేనో మనుషులు సంతోషంగా ఉంటారు. పరిశోధనల్లో తేలింది."

"నువ్వు అన్నీ చదివావుగా. మరి నీ రోజొకటి చెప్పు."

అది చెయ్యి చాపి రికార్డింగ్ ఆపేసింది. కళ్ళు ఎర్రబడ్డాయి. గబుక్కున దాని నుదుటి మీద చెయ్యేశాను. చల్లగానే ఉంది.

"హమ్మయ్య, ఏమీ లేదు," అన్నాను.

"అయితే ఇవాళ్టిది కూడా రాసుకుంటాలే," అని అది పడీ పడీ నవ్వింది.

ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నాకూ నవ్వొచ్చింది. ఇంతగా నవ్వాక ఏం ముంచుకొస్తుందోనని, లేచి వెళ్ళి గ్యాసు కట్టేశానో లేదో చూసొచ్చాను.